మునిగిన వోలస్తూ, మునగని లోయా

అమెరికా నుంచి వచ్చి ఇన్ని నెలలైనా మా కాలేజీ స్టాఫ్ రూములో నన్ను అడిగే మొదటి ప్రశ్న మారలేదు: "నయాగరా చూశారా మేడమ్?" చూడలేదు. చేతికి దొరికిన నాలుగు రోజుల సెలవునీ తీసుకెళ్ళి, ఇవాళ ఏ పటంలోనూ లేని ఒక రష్యన్ తాలూకాలో పుట్టిన ముసలావిడ దగ్గర గడిపి వచ్చాను. అక్కడ పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాయడం మంచిదని రాస్తున్నాను.

నేను హైదరాబాదులో రష్యన్ పాఠాలు చెబుతాను. కిందటేడు, ఎనభై నాలుగు వేసవిలో, ఇల్లినాయ్‌లోని ఒక యూనివర్సిటీ రష్యన్ టీచర్లకు శిక్షణ పెట్టి పిలిస్తే వెళ్ళాను. రష్యన్ నేర్చుకోవడానికి అమెరికా పోవడమేమిటని ఇంట్లో అందరూ నవ్వారు. నిజమే, నాకూ నవ్వొచ్చింది.

సంభాషణ క్లాసు తీసుకునే నీనా రష్యన్ కుటుంబంలో పుట్టిన మనిషి. ఒకరోజు అందర్నీ పుట్టిన ఊరి గురించి చెప్పమంది. మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేదనీ, కింద డ్యామ్ కట్టాక నీళ్ళలో పోయిందనీ చెప్పబోయి "ఉంది" అనాలా "ఉండేది" అనాలా అని తడబడ్డాను. తప్పులు పట్టడంలో దయలేని నీనా ఆరోజు మాత్రం ఏమీ అనలేదు. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, "మా పిన్ని కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. పెన్సిల్వేనియాలో ఉంటుంది. ఉత్తరం రాస్తాను, వెళ్ళి చూసి రా," అంది.

నేపర్‌విల్

శిక్షణ ముగిశాక మొదట షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో నా కాలేజీ స్నేహితురాలు సుశీల ఇంట్లో దిగాను. భర్త రామ్మోహన్ సివిల్ ఇంజనీరు. ఇల్లు చూస్తే కళ్ళు తిరిగాయి. ముందు పచ్చిక, వెనక పచ్చిక, ఆ పచ్చికలో నడిచే మనిషి ఒక్కడూ లేడు. వీధిలో పిల్లల అరుపులూ, కూరగాయల బండీ, పక్కింటి పోపు వాసనా ఏమీ లేని ఆ నిశ్శబ్దానికి చెవులు గింగుర్లెత్తాయి. సుశీల మాత్రం ఇండియా నుంచి దాచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా తీసి, నా కోసమే మూత విప్పినట్టు మురిసిపోయింది.

భోజనాల దగ్గర నా ప్రయాణం సంగతి చెప్పాను. రామ్మోహన్ మజ్జిగ కలుపుకుంటూ అన్నాడు: "లుక్ అరుణా, ఎమోషనల్ అవ్వకు. ఒక డ్యామ్ కడితే లక్షల ఎకరాలకి వాటర్ వస్తుంది, పవర్ వస్తుంది. కొంతమంది షిఫ్ట్ అవ్వాల్సిందే కదా."

షిఫ్ట్! మా ఊరి మీదికి పోలీసులూ బుల్‌డోజర్లూ వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. మా అత్త అన్నం వార్చి దించిన గిన్నెతో సహా బయటికి వచ్చి నిలబడితే ఆమె కళ్ళ ముందే వంటింటి గోడ కూలింది. ఆ నది పొడవునా పాత గుళ్ళకు మాత్రం రాయి రాయికీ నంబరు వేసి, గట్టు మీదికి మోసి, మళ్ళీ అదే వరసలో పేర్చారు. దేవుళ్ళ జోలికి పోతే గొడవలవుతాయని తెలుసు. మా అత్త జోలికి పోతే ఏమవుతుంది?

"మరి రేపు ఈ నేపర్‌విల్‌లో డ్యామ్ కడతామంటే మీరు షిఫ్ట్ అవుతారా?" అన్నాను.

"ఫెయిర్‌గా కాంపెన్సేట్ చేస్తే వై నాట్?"

సుశీల నవ్వు ఆపుకోలేకపోయింది. "నీకు తెలీదే అరుణా, ఆ వంటింట్లో కౌంటర్ కాస్త అటు జరిపిద్దామంటే ఏడాది నుంచీ ఒప్పుకోవట్లేదు ఈయన."

అక్కడే పుట్టిన వాళ్ళమ్మాయి ఇదంతా వింటూ, తెలుగును అమెరికన్ నాలుక మీద జాగ్రత్తగా మోస్తూ అడిగింది: "ఆంటీ, మీ విలేజ్ వాటర్ కింద ఉంది? ఫిషెస్ మీ హౌస్‌లో ఉంటాయి?"

"ఉంటాయమ్మా," అన్నాను.

ఒహాయో మీదుగా

పొద్దున్నే ఆఫీసులకెళ్ళేవాళ్ళ రైల్లో షికాగో వెళ్ళి అక్కడ బస్సెక్కాను. మన వైపు బస్సులో పక్కవాడు ఊరు, పేరు, జీతం, పెళ్ళి అన్నీ అడిగి తెలుసుకున్నాక కిటికీ వేయాలా తీయాలా అంటాడు. ఇక్కడ "హాయ్" అని నవ్వి, ఆ నవ్వు మడిచి లోపల పెట్టేసుకుంటారు. నా పక్కన కూచున్న తెల్లావిడ మొదట చీర బాగుందని మెచ్చుకుంది. నేను సంచిలోంచి రష్యన్ కథల పుస్తకం తీసి చదువుకోవడం మొదలుపెట్టగానే అట్ట మీది అక్షరాల వంక చూసి, పర్సు గుండెలకు హత్తుకుని, రెండు వరసల వెనక్కి వెళ్ళి కూచుంది. రెండు దేశాలూ ఒకదాని మీదికొకటి క్షిపణులు గురిపెట్టుకుని కూచున్నాయి, నిజమే. కానీ ఆ పుస్తకంలో ఉన్నది ఒక గుర్రం కథ.

ఖాళీ అయిన సీట్లోకి ఒక నల్లజాతి పెద్దాయన వచ్చాడు. రిటైరైన రైల్వే మనిషి. నేను ఇండియన్‌ని అంటే "ఏ తెగ?" అని అడిగాడు. ఆ ఇండియన్ కాదని విడమరిచి చెప్పేసరికి ఇద్దరం నవ్వుకున్నాం. ఒహాయోలో బస్సాగినచోట కూరగాయల సూపు అడిగి తెచ్చుకున్నాను. అడుగున ఏదో మెత్తగా చెంచాకు తగిలింది. గొడ్డుమాంసం ముక్క! కౌంటర్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళి అడిగితే, "అందులో కూరగాయలు కూడా ఉన్నాయి కదండీ," అంది అమాయకంగా. పెద్దాయన తన బ్రెడ్డులో సగం తుంచి నా చేతిలో పెట్టి, అర డాలరు కాఫీ నాకు ఇప్పించి, తర్వాతి ఊళ్ళో దిగిపోయాడు.

లాండ్రీ పైన ఇల్లు

పెన్సిల్వేనియా తూర్పు సరిహద్దు నదికి దగ్గర్లో చిన్న పట్నం అది. నీనా 'పిన్ని' అని పిలిచే ఆవిడ నిజానికి చుట్టం కాదు. యుద్ధం తర్వాత జర్మనీలో నిరాశ్రయుల శిబిరంలో నీనా తల్లితో కలిసి ఉన్న మనిషి. పేరు ప్రస్కోవ్య యెగోరొవ్నా, అంటే యెగోర్ కూతురు ప్రస్కోవ్య. రష్యన్లలో పెద్దవాళ్ళను తండ్రి పేరు కలిపి పిలిస్తేనే మర్యాద. మనం ఇంటిపేరుతో వంశం చెప్పుకుంటాం, వాళ్ళు పిలిచినప్పుడల్లా తండ్రిని తలుచుకుంటారు.

నాణేలు వేస్తే తిరిగే బట్టల మెషిన్లున్న లాండ్రీ పైన ఆవిడ రెండు గదుల ఇల్లు. కింద మెషిన్లు తిరిగితే పైన గాజు గ్లాసులు గలగలమంటాయి. డెబ్బై దాటిన మనిషి. తలకు గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా బ్లౌజు చేతులు మడిచి, గుమ్మంలో నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీదీ మునిగిందటగా?"

"అవునండీ."

"చెప్పులు విప్పి రా. ముందు తిను."

గుమ్మంలో చెప్పులు విప్పమన్న ఇల్లు అమెరికాలో సుశీలది తర్వాత అదొక్కటే. మాంసం తిననని నీనా ముందే రాసింది. ఆకుపచ్చటి పులుసు పోసిచ్చింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. చుక్కకూర! మిరపకాయ లేదు, తిరగమోత లేదు, పైన పెరుగు మీగడలాంటిది ఒక ముద్ద ఉంది. కానీ ఆ పులుపు మాత్రం అచ్చం మన చుక్కకూరదే. తర్వాత దోసకాయ ముక్కల మీద తేనె పోసి పెట్టింది. దోసకాయకు ఉప్పూకారం తప్ప ఎరగని నేను భయంభయంగానే కొరికాను. బాగుంది. మరో రెండు తిన్నాను.

వోలస్త్

తిన్నాక చెప్పడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా అమెరికాలో ఉన్నా ఆవిడ ఇంగ్లీషు అంగడి గుమ్మం దాటలేదు. కాబట్టి అంతా రష్యన్‌లోనే.

వోల్గా ఎగువన, నదులు కలిసే పల్లపు భూముల్లో వాళ్ళ వోలస్త్. కొన్ని ఊళ్ళు కలిపితే వోలస్త్. జార్ల కాలంలో రైతులు బానిసత్వం నుంచి విడుదలయ్యాక ఏర్పడ్డ పాలనా భాగం. మన తాలూకా కంటే చిన్నది, ఫిర్కా అంత ఉంటుందేమో. దానికొక పెద్ద ఉంటాడు, రైతులే ఎన్నుకుంటారు. రాసిపెట్టే గుమాస్తా ఉంటాడు. మన మునసబూ కరణమూ అనుకోండి. పేరుకు పెత్తనం ఆ పెద్దమనిషిది, నడిపించేది గుమాస్తా కలం.

"మా తాత వోలస్త్ పెద్ద," అంది ప్రస్కోవ్య. "మెడలో గొలుసు, దానికి ఇత్తడి బిళ్ళ. పైనుంచి అధికారి వచ్చిన రోజున ఆ బిళ్ళను బూడిదతో తోమడం నా పని. తాతకు చదువు రాదు. గుమాస్తా ఏం రాసినా కింద ముద్ర గుద్దేవాడు. అది స్వర్గమని చెప్పట్లేదు నీకు. వోలస్త్ కోర్టులో మనుషుల్ని బెత్తంతో కొట్టించిన రోజులూ ఉన్నాయట. పన్ను కట్టలేదని మా మేనత్త ఆవును తోలుకుపోయింది మా తాతే. అయినా, అరవాలంటే ఎవరి ఇంటి ముందు నిలబడి అరవాలో అందరికీ తెలుసు."

ఆ చివరి మాట నాలో దిగబడిపోయింది.

ఏటా వసంతంలో నది పొంగి పచ్చిక బయళ్ళన్నీ మునిగేవట. పడవల్లో చర్చికి వెళ్ళేవాళ్ళట. నీళ్ళు తీశాక ఆ ఒండ్రులో గడ్డి మనిషి ఎత్తు పెరిగేది. ఆ గడ్డి తిన్న ఆవుల వెన్నకు దూరాల నుంచి బేరగాళ్ళొచ్చేవాళ్ళు. "నీళ్ళంటే మాకు భయం లేదు," అందావిడ. "మా నీళ్ళకు తిరిగి వెళ్ళిపోవడం తెలుసు."

విప్లవం వచ్చింది. తాత మెడలో బిళ్ళ తీసేశారు. వోలస్త్ మాత్రం కొన్నాళ్ళు కొత్త మనుషులతో నడిచింది. ఆవిడ పెళ్ళికెదిగిన రోజుల్లో, చిన్న చిన్న వోలస్తులన్నీ దండగని రద్దు చేసి పెద్ద జిల్లాలో కలిపేశారు. కచేరీ దూరమైంది. తెలిసిన ముఖం లేకుండా పోయింది. పదేళ్ళు తిరక్కుండా అక్కడ డ్యామ్ కడుతున్నామనీ, జలాశయంలో భూములన్నీ పోతాయనీ చెప్పారు. ఇళ్ళు చెక్క దుంగలవి గనక విప్పి, దుంగలకు గుర్తులు పెట్టి, తెప్పలు కట్టి నదిలో వదిలి, దిగువన కొత్తచోట మళ్ళీ కట్టుకోమన్నారు.

"మా ఇల్లు నీళ్ళ మీద పోయింది. మేం ఆవుతో ఒడ్డున నడిచాం. అమ్మ దారి పొడుగునా కిటికీ చట్రం ఎక్కడుందో వెతుక్కుంటూనే ఉంది. కొత్తచోట కట్టిన తర్వాత ఆ గోడలు ఏళ్ళ తరబడి ఆరలేదు. పొయ్యి వెలిగిస్తే గోడలు కన్నీళ్ళు కార్చేవి. విప్పడానికి పనికిరాని పుచ్చిన ఇళ్ళను పాత ఊళ్ళోనే తగలబెట్టారు. చర్చి గంటల గోపురాన్ని పేల్చేశారు. మా నాన్న సమాధిని ఎక్కడికి తెప్ప కట్టుకుని తీసుకుపోను?"

ఆ తర్వాత యుద్ధం. భర్త పోరాటంలో పోయాడు. పశ్చిమాన బంధువుల ఇంట్లో తలదాచుకున్న ఈమెను జర్మన్లు ఫాక్టరీ వెట్టిచాకిరీకి పట్టుకుపోయారు. యుద్ధం ముగిశాక శిబిరంలో ఒక వడ్రంగిని పెళ్ళాడి అమెరికా చేరింది.

"ఒకటి గుర్తుపెట్టుకో," అంది కప్పులో టీ పోస్తూ. "ముందు పేరు తీసేస్తారు. పేరు పోయాక ఊళ్ళు తీసెయ్యడం సులువు."

ఇవాళ మన దగ్గర కరణం, మునసబులు పోయారు. తాలూకాలు తీసేసి మండలాలు చేస్తున్నారు. కచేరీ జనానికి దగ్గరవుతుందంటున్నారు. కావచ్చు, అయితే మంచిదే. కానీ ఆ మాట పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆవిడ గొంతు వినిపిస్తోంది.

లైబ్రరీలో ఆదివారం

ఆ ఆదివారం పట్నం లైబ్రరీలో 'మన పూర్వీకుల నేలలు' అని ఒక సభ ఉంది. ప్రస్కోవ్యను మాట్లాడమన్నారు, నన్ను అనువాదం చెయ్యమన్నారు. నిర్వాహకురాలి పేరు మార్జరీ. చక్కగా దువ్విన వెండి జుట్టు, చక్కటి నవ్వు. నా చేతులు పట్టుకుని, "కమ్యూనిస్టులు ఈమె ఊరిని ముంచేసిన కథ మా వాళ్ళు తప్పక వినాలి," అంది.

సభ నిండింది. ప్రస్కోవ్య ఇల్లు తెప్పై వెళ్ళిన సంగతి చెప్పింది. నేను ఒక్కో మాటా ఇంగ్లీషులో పెట్టాను. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మార్జరీ తల ఊపుతూనే ఉంది. గోపురం పేల్చిన దగ్గర చప్పట్లు మొదలయ్యాయి, ఇక ముగిసిందనుకుని.

ప్రస్కోవ్య కదల్లేదు. "ఇంకా ఉంది," అంది. "ఈ దేశంలో ఇరవై ఏళ్ళు బట్టలు ఉతికి, మా ఆయన చెక్క కోసి, ఇదిగో ఈ నది లోయలో ఇల్లు కొనుక్కున్నాం. ఒకరోజు సూటు వేసుకున్న ఒకాయన వచ్చి డ్యామ్ కడుతున్నామన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ప్రజల మంచికేనన్నాడు. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను."

నేను నోరు తెరిచేలోపు మార్జరీ నా పక్కకు వచ్చి చెవిలో అంది: "ఈ భాగం అనువాదం చెయ్యకండి. ఇవాళ్టి విషయం అది కాదు. అది లోకల్ గొడవ."

అరికాలి మంట నెత్తికెక్కింది. పరాయి ప్రభుత్వం ముంచితే చరిత్ర, సొంత ప్రభుత్వం కూలిస్తే లోకల్ గొడవ! మా దగ్గరా ఇంతే. రష్యా డ్యాముల ఫోటోలు అచ్చేసిన నున్నటి పత్రికలు నేను విద్యార్థులకు చూపించి మురిసినదాన్నే, వాటిలో తెప్ప మీద పోతున్న ఇల్లు ఎక్కడా లేదు. అమెరికా వాళ్ళకేమో రష్యాలో పోయిన ఇల్లు కనపడుతుంది, తమ లోయలో పోయింది కనపడదు.

మైకు దగ్గరికి జరిగి, ఆవిడ అన్నదంతా, సూటూ ప్రజల మంచీ ఏదీ వదలకుండా చెప్పాను. మార్జరీ నవ్వు చెదరకుండా, "థాంక్యూ, వెనక కాఫీ ఉంది!" అని ప్రకటించింది. కొందరు లేచారు. అప్పుడు చివరి వరసలోంచి మాసిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి గట్టిగా అన్నాడు:

"కాఫీ ఎక్కడికీ పోదు. ఆమెను చెప్పనివ్వండి. పక్క పొలం మాది. మా తాత కట్టిన పశువుల కొట్టాన్ని ఒక్క పూటలో నేలమట్టం చేశారు."

లేచినవాళ్ళలో కొందరు మళ్ళీ కూచున్నారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ప్రస్కోవ్య చివరిదాకా చెప్పింది. ఈసారి చప్పట్లు లేవు. కాఫీ దగ్గర మార్జరీ నాతో మాట్లాడలేదు. ప్రస్కోవ్యకు ఇస్తామన్న పూలగుత్తి మాత్రం మర్యాదగా నా చేతికి అందించింది.

లోయ

మర్నాడు ఆ టోపీ పెద్దమనిషి, వాల్టర్, తన పాత ట్రక్కులో మమ్మల్ని లోయకు తీసుకెళ్ళాడు. బయల్దేరేముందు ప్రస్కోవ్య మా ఇద్దర్నీ కుర్చీల్లో కూచోబెట్టింది. ప్రయాణానికి ముందు ఒక్క క్షణం మౌనంగా కూచోవడం రష్యన్ల ఆచారం. మనం ఎవరైనా తుమ్మితే కూచుంటాం. వాళ్ళు తుమ్మకపోయినా కూచుంటారు.

లోయ అందంగా ఉంది. అంత అందంగా ఉండటమే నాకు భరించరానిదైంది. రెండువైపులా కొండలు, మధ్యలో ఎండకు మెరుస్తూ తన దారిన తాను పోతున్న నది. ఎప్పుడూ ఎంత వెడల్పో అంతే. నీళ్ళు రాలేదు. ఇళ్ళన్నీ కూల్చాక లెక్కలు మళ్ళీ చూసుకున్నారట. ఖర్చెక్కువన్నారు, నేల గట్టిది కాదన్నారు, డ్యామ్ పక్కన పెట్టేశారు. ఇళ్ళు వెనక్కివ్వలేదు. పార్కు చేశారు. ఎక్కడ చూసినా ఏ ఇంటికీ వెళ్ళని రాతి మెట్లు. మెట్లెక్కితే పైన గాలి.

"ఈ గడ్డ కోసం మా అన్న కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి పోయాడు," అన్నాడు వాల్టర్. "అతను పోయాక చెప్పారు, డ్యామ్ అక్కర్లేదని."

ప్రస్కోవ్య తన ఇంటి పునాది మీద నిలబడింది. వంటిల్లు ఇక్కడ, మంచం ఇక్కడ అని కాలితో చూపించింది. నేను ఓదార్పుగా ఏదో అనబోయాను.

"అక్కడ కనీసం నీళ్ళొచ్చాయి," అందావిడ. గొంతు పెంచలేదు. "దీపాలు వెలిగాయన్నారు. ఎవరింట్లోనో వెలిగే ఉంటాయి, సరే అనుకున్నాను. ఇక్కడ ఎవరికేం వచ్చింది? చెప్పు."

మా కృష్ణ నీళ్ళు ఎవరి పొలాల్లో పారుతున్నాయో తెలుసు. ఆ పొలాల అన్నమే నేనూ తింటున్నాను. దానికి కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. ఈ లోయలో కృతజ్ఞతకు చోటే లేదు. వట్టి కోపం, ఎండిన కోపం.

పునాది వెనక పిచ్చిమొక్కల్లో పొడవాటి ఆకుల మొక్క ఒకటి ఆవిడకు కనపడింది. ముఖం వెలిగింది. తాను నాటిన దుంపే! ముల్లంగిలా తెల్లగా ఉంటుంది, తురిమితే ఆవపిండిలా ముక్కుకెక్కుతుంది, రష్యన్లకు అది లేనిదే పండగ లేదు. పదేళ్ళుగా ఎవరూ చూడకపోయినా బతికే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి చేతుల్తోనే తవ్వింది. వాల్టర్ జేబుకత్తి ఇచ్చాడు. మట్టితో సహా ఒక దుంప బయటికొచ్చింది.

అప్పుడే పార్కు జీపు వచ్చి ఆగింది. పాతికేళ్ళ గార్డు, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట.

"మేడమ్, మొక్కలు తీయడం నిషేధం. దయచేసి దాన్ని అక్కడే పెట్టేయండి."

"ఈ మొక్క ఈమె నాటింది. ఇది ఈమె ఇల్లు," అన్నాను నేను.

"అర్థమైందండీ. కానీ ఇది ఇప్పుడు ప్రజల భూమి."

ప్రస్కోవ్య తల ఎత్తి నావంక చూసింది. "ఏమంటున్నాడు?"

"ఇది ప్రజల భూమి అంటున్నాడు."

ఆవిడ మెల్లగా లేచింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో దుంపను గుండెలకు ఆనించుకుని. మట్టి ఆమె తెల్ల బ్లౌజు మీద రాలింది.

"మరి నేనెవరినో అడుగు."

అడిగాను. ఇంగ్లీషులో, స్పష్టంగా, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా. ఆ కుర్రాడు మెట్ల వంక చూశాడు, నా వంక చూశాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వాల్టర్ ట్రక్కు తలుపు తీసి పట్టుకున్నాడు. ప్రస్కోవ్య యెగోరొవ్నా దుంపను ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూచుని, మా ముగ్గురికీ వినపడేలా తలుపు వేసుకుంది.